సంచి మీద చెయ్యి

స్టోర్ వెనక, అట్టపెట్టెల గది నుంచి

పిన్నీ,

ఫోన్లో "ఆ, బాగానే ఉన్నా" అని పెట్టేస్తున్నానని ఉత్తరం రాయమన్నావు. మణికట్టు ఆపరేషన్ అయ్యాక రోజూ కాసేపు రాయమని నీకు డాక్టర్ చెప్పాడు కాబట్టి నీకది మందు. నాకెందుకు ఈ శిక్ష? రాయలేకే కదా పదో తరగతి మధ్యలో బడి మానేసింది. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నువ్వు సెలవు పెట్టి అక్క వాళ్ళింటికి వెళ్ళావో లేదో, నన్ను సెల్ఫ్ బిల్లింగ్ మిషన్ల దగ్గర పెట్టారు. పని ఏంటంటే నిలబడటం. నిజంగా అంతే పిన్నీ. చుట్టూ మిషన్లు, మధ్యలో నేను. జనం వస్తారు, వాళ్ళ సరుకు వాళ్ళే స్కాన్ చేసుకుంటారు, వాళ్ళ సంచిలో వాళ్ళే పెట్టుకుంటారు, డబ్బూ వాళ్ళే కట్టుకుని పోతారు. ఏదన్నా తేడా వస్తే మిషన్ నెత్తిన ఎర్ర లైటు వెలుగుతుంది. లోపలున్న ఆవిడ "దయచేసి సహాయకుడి కోసం ఆగండి" అంటుంది. ఆ సహాయకుణ్ణి నేనే. వెళ్ళి నా కార్డు చూపించి లైటు ఆర్పి, మళ్ళీ వచ్చి నిలబడాలి. కూర్చుంటే మేనేజర్ గారికి కడుపునొప్పి. నీ కాళ్ళకి చక్రాలున్నాయిరా అని చిన్నప్పట్నుంచీ నన్ను చక్రం అని పిలిచేది నువ్వే. ఆ చక్రాన్ని తెచ్చి మేకుకి తగిలించిందీ నువ్వే.

ఇంకో పని కూడా ఉంది. పోయే ప్రతివాళ్ళనీ "ఎలా ఉందండీ మిషన్?" అని అడిగి, సాయంత్రం మేనేజర్‌కి చెప్పాలి. విన్నవి కొన్ని రాస్తా, నవ్వుకో.

చెవుల్లో వైర్లు పెట్టుకున్న కుర్రాడు: "సూపర్. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు." అని నాతో కూడా మాట్లాడకుండా పోయాడు.

చంటిపిల్లని చంకనేసుకొచ్చిన ఆవిడ: "పిల్ల ఏడిస్తే లైన్లో వెనకవాళ్ళు చూసే చూపులు తప్పాయి. అదే పదివేలు."

మన బస్సు డ్రైవర్ గారు: "నేను బస్సు తోల్తా. రేపు ప్యాసింజర్‌కి స్టీరింగ్ ఇచ్చి నువ్వే తోలుకో అంటే ఊరుకుంటాడా? మరి నా చేత బిల్లెందుకు కొట్టిస్తున్నారు? జీతమేమన్నా ఇస్తారా?"

గుడ్ల టీచరమ్మ గారు: "దీనికి నోరుంది గానీ చెవుల్లేవు బాబూ."

ఇప్పుడు ఫోన్లో చెప్పలేకపోయింది చెప్తా. ఈ అడగటమంతా మూణ్ణెల్లు. జనం బాగుందంటే మనిషి కూర్చుని బిల్లు కొట్టే ఆ మిగిలిన ఒక్క కౌంటర్ కూడా తీసేస్తారట. ఆ ఒక్కటీ నీదే. మూడో నంబర్. ప్లాస్టిక్ కవర్ కప్పి ఉంచారు. నీ కుర్చీ కాళ్ళు మాత్రం కిందనుంచి కనిపిస్తుంటాయి. రోజూ నా ఎదురుగానే.

సరుకు లారీ డ్రైవరన్న వచ్చినప్పుడల్లా "క్లీనర్‌గా వచ్చెయ్‌రా, ఊళ్ళు చూద్దువు గానీ" అంటున్నాడు. రోజూ వద్దంటున్నా. రోజు రోజుకీ మెల్లగా అంటున్నా.

చక్రం


అమ్మాయి వాళ్ళిల్లు, వంటింటి కిటికీ పక్క

ఒరేయ్ చక్రం,

అక్షరాలు చూసి నవ్వకు. వేళ్ళు చెప్పిన మాట వినట్లేదు.

కౌంటర్ సంగతి నాకు ముందే తెలుసు. గేటు దగ్గరుండే బాబాయ్ ఫోన్ చేసి చెప్పాడు. నువ్వెప్పుడు చెప్తావో చూద్దామని ఊరుకున్నా. చెప్పావు. సంతోషం.

ఒక్క మాట విను. జనం ఏమన్నారో అదే చెప్పు మేనేజర్‌కి. పిన్ని కోసమని ఒకటికి రెండు కలపకు. బాగుందన్నవాళ్ళ మాట బాగుందనే చెప్పు. అబద్ధం మీద నిలబెట్టిన కుర్చీలో నేను కూర్చోలేను.

అలాగని నాకు కౌంటర్ అక్కర్లేదనుకునేవు. కావాలి. ఇక్కడ పొద్దున లేస్తే ఏం చెయ్యాలో తెలియట్లేదు. అమ్మాయి గిన్నె ముట్టుకోనివ్వదు. సరుకుల డబ్బాలు కాస్త వరసలో సర్దితే "అమ్మా, ఇది స్టోర్ కాదు" అంటుంది. నీ కాళ్ళకే కాదురా, నా చేతులకీ ఉన్నాయి చక్రాలు.

మొన్న ఇక్కడి స్టోర్‌కి తీసుకెళ్ళింది. ఇక్కడా మిషన్లే. నేనూ వాడాను. బానే ఉంది. మళ్ళీ వెళ్ళను. ఆ సంగతి ఇక అడగకు.

టీచరమ్మ గారు గుడ్లు ఎలా తీసుకుంటున్నారు? ఒక్కో గుడ్డూ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తారు. చూడనీ. తొందరపెట్టకు.

లారీ ఎక్కావంటే కాళ్ళు విరగ్గొడతా. నీకోసం మేనేజర్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. "ఎక్కడా నెల నిలవలేదటగా మీవాడు" అన్నాడు. "ఇక్కడ నిలుస్తాడు" అన్నాను. నా మాట నిలబెట్టు.

పిన్ని


నీ ఇల్లు, ముందు గది, నీ మంచం మీద నుంచే

పిన్నీ,

ఎర్ర లైట్లు కల్లోకి కూడా వస్తున్నాయి.

సంచి పెట్టే చోట కింద తూకం ఉంటుంది. ఏ వస్తువు ఎంత బరువో మిషన్‌కి తెలుసు. స్కాన్ చేసినదానికన్నా సంచి బరువు పెరిగితే అరుస్తుంది. దొంగతనాలు ఎక్కువవుతున్నాయని మేనేజర్ గారు ఆ తూకాన్ని ఇంకాస్త బిగించమన్నాడు. బిగించిన రోజు నుంచీ చూడు, ఇటు ఆర్పితే అటు, అటు ఆర్పితే ఇటు. నిలబడే పని అన్నానే, ఇప్పుడు పరుగే పరుగు. నాకు బానే ఉందనుకో. జనమే నిప్పులు కక్కుతున్నారు.

"సంచిలో అనుకోని వస్తువు ఉంది" అంటుంది లోపలావిడ. డ్రైవర్ గారు ఆ మాట విని ఒక్క అరుపు అరిచాడు. "అనుకోని వస్తువా? నేను పెట్టింది సబ్బు. నేను అనుకోని వస్తువు ఈ దుకాణంలో నువ్వే!"

కుట్టుపని ఆవిడైతే రెండు చేతులూ పైకెత్తి చూపించింది, పోలీసులొచ్చినట్టు. "ఇదిగో బాబూ, ఏం లేవు, చూసుకో." అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

మిషన్లు బాగుచేసే అబ్బాయి వచ్చాడు. నట్లు విప్పాడు, వాడి నీళ్ళ సీసా పెట్టి చూశాడు, తీసి చూశాడు, మళ్ళీ బిగించాడు. "మిషన్లో ఏం లేదు, మనుషుల్లోనే ఉంది" అని చేతులు దులుపుకుని పోయాడు.

తమాషా ఏంటంటే కుర్రాళ్ళకి వెలగదు. ఈ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళకీ వెలగదు. డ్రైవర్ గారు, కుట్టుపని ఆవిడ, టీచరమ్మ గారు, వీళ్ళకే. అంతా నీ కౌంటర్ జనమే పిన్నీ. నీ మనుషులని తెలిసి మిషన్ పగబట్టినట్టుంది. మేనేజర్ మాత్రం "పెద్దవాళ్ళకి చేతకాదు" అంటాడు. డ్రైవర్ గారికి చేతకాదట! అంత బస్సుని సందులోంచి వెనక్కి తీసే మనిషికి!

సాయంత్రం నేను చెప్పే మాటలు విని మేనేజర్ మొహం మాడిపోతోంది. "దీనికన్నా పక్క వీధి కొట్టు నయం" అన్నవాళ్ళు ఉన్నారు. సరుకు సంచి అక్కడే వదిలేసి పోయినవాళ్ళున్నారు. నేనేమీ కలపట్లేదు, నీ మీద ఒట్టు. కలపక్కర్లేదు కూడా. నిన్న ఆయనే అన్నాడు, "ఇలాగైతే ఆ కౌంటర్ ఉంచక తప్పేలా లేదు" అని.

విన్నావా? ఉంచక తప్పేలా లేదు. ఆ మాట విన్నాక ఇంకో లైటు వెలిగితే ఈల వేసుకుంటూ వెళ్ళి ఆర్పా.

చక్రం


అమ్మాయి వాళ్ళిల్లు, అదే కిటికీ

చక్రం,

చూడు, ఈసారి అక్షరాలు కాస్త నిలబడ్డాయి. పిడికిలి బిగుస్తోంది. ఇంకొన్నాళ్ళు పోతే పనికి వెళ్ళొచ్చు అంటున్నాడు డాక్టర్. బరువులు మాత్రం ఎత్తకూడదట. కౌంటర్లో నేనేం బరువులు ఎత్తుతాను, నూనె డబ్బాలు కొన్నవాళ్ళే ఎత్తి పెడతారు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివా. కౌంటర్ ఉంటుందన్న ముక్క ఇంకోసారి చదివా.

లైటు వెలిగే ముందు వాళ్ళేం చేస్తున్నారో ఎప్పుడన్నా గమనించావా? చేతులు ఎక్కడ పెడుతున్నారు?

సరేలే, వదిలెయ్. నీ పని నీకుంది. ఆ మిషన్ల గొడవ మిషన్లవాళ్ళు చూసుకుంటారు. నువ్వు పట్టించుకోకు.

ఇక్కడ వాన. అమ్మాయి ఆఫీసుకి, అల్లుడు గారు ఆఫీసుకి. ఇల్లంతా నాదే. గోడ గడియారం కింద కూర్చుని పాత పత్రికలు తిరగేస్తున్నా. పొద్దున ఇస్త్రీ బట్టలు మడతపెట్టి సంచిలో పెట్టాను. పెట్టి, ఆ సంచి వంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఎందుకో అడక్కు.

నా కుర్చీ మీద కవర్ దుమ్ము పడితే దులుపు.

పిన్ని


స్టోర్ వెనక, అట్టపెట్టెల గది నుంచి

పిన్నీ,

నువ్వడిగినదానికి జవాబు: గమనించలేదు. అంత తీరికెక్కడిది.

ఇవాళ వేరే సంగతి.

మేనేజర్ కొత్త రూలు పెట్టాడు. ఎర్ర లైటు వెలిగినవాళ్ళ సంచి గేటు దగ్గర విప్పి, ఒక్కో వస్తువూ బిల్లుతో పోల్చి చూసి పంపాలి. గేటు బాబాయ్ "నా చేత కాదు సార్, వీళ్ళందరూ నాకు తెలిసినవాళ్ళు" అన్నాడు. "తెలిసినవాళ్ళయితే ఇంకా తేలిక" అన్నాడు మేనేజర్.

టీచరమ్మ గారు వచ్చారు. గుడ్లు, రొట్టె, అగ్గిపెట్టె. అంతే. అన్నీ సరిగ్గా స్కాన్ చేశారు, నేను చూస్తూనే ఉన్నా. సంచిలో పెట్టారు. లైటు వెలిగింది. నేను వెళ్ళి ఆర్పి, రూలు ప్రకారం సంచి పట్టుకెళ్ళి బాబాయ్‌కి ఇచ్చా. అవును, నేనే ఇచ్చా. బాబాయ్ తల దించుకుని ఒక్కోటీ తీసి బల్ల మీద పెడుతున్నాడు. వెనక జనం. ఒకడు "ఈ వయసులో ఇదేం బుద్ధి" అన్నాడు, మెల్లగానే, కానీ వినపడింది. బాబాయ్ చెయ్యి తగిలి గుడ్ల అట్ట జారింది.

నేల మీద గుడ్లు పగిలిపోయాయి పిన్నీ. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని, ఊపి, ఏరుకున్నవి.

ఆవిడ అరవలేదు. బిల్లు మాత్రం చేత్తో పట్టుకుని, "అన్నీ ఉన్నాయా?" అని అడిగారు. బాబాయ్ "ఉన్నాయమ్మా" అన్నాడు. రొట్టె కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు.

తుడిచింది నేనే. తుడుస్తుంటే లోపలావిడ ఇంకో మిషన్లోంచి "దయచేసి సహాయకుడి కోసం ఆగండి" అంది. ఆ తుడిచే గుడ్డ దాని మొహాన కొట్టాలనిపించింది.

ఇక నా వల్ల కాదు. వారంలో జీతం చేతికొస్తుంది. లారీ ఎక్కేస్తా. తిట్టుకుంటే తిట్టుకో.

చక్రం


అమ్మాయి వాళ్ళిల్లు

ఒరేయ్,

లారీ ఎక్కకు. ముందు ఇది చదువు.

ఆ లైటు వెలిగిస్తోంది మిషన్ కాదు. వాళ్ళూ కాదు. నేను.

సంచి నింపాక నేనేం చేసేదాన్నో నీకు గుర్తుందా? పైన అరచెయ్యి పెట్టి ఒకసారి నొక్కేదాన్ని. అడుగు సరిగ్గా నిలిచిందా, గుడ్ల మీద ఏదన్నా బరువు పడిందా అన్నది చేతికి తెలుస్తుంది. నొక్కి, "ఇక వెళ్ళిరండి" అనేదాన్ని. ఎదురుగా ఉన్నవాళ్ళు కూడా ఒకసారి చెయ్యి వేసి, అప్పుడు ఎత్తుకునేవాళ్ళు. నేను నేర్పలేదు. ఏళ్ళ తరబడి చూసి చూసి వాళ్ళకీ అలవాటైపోయింది. ఇప్పుడు నేను లేకపోయినా చెయ్యి వేస్తున్నారు. కింద తూకం ఉందిగా. చేతి బరువు పడగానే అది అరుస్తుంది.

ఎలా తెలుసంటావా? ఇక్కడి స్టోర్లో నాకే వెలిగింది. సంచి నింపి, చెయ్యి వేశాను. నా సంచీ విప్పారు. అమ్మాయి పక్కనే ఉంది. దాని మొహం చూడలేకపోయాను. నీకు రాయలేకపోయింది అదే.

లైట్లు వెలుగుతున్నాయని నువ్వు రాసినప్పుడే నాకు అర్థమైంది. చెప్పబోయి ఆగాను. లైట్లు వెలిగినన్నాళ్ళూ నా కౌంటర్ ఉంటుందని ఆగాను. నేను ఆగినందుకు టీచరమ్మ గారి గుడ్లు పగిలాయి.

మిషన్లబ్బాయికి చెప్పు. ఈ ఉత్తరం అందిన రోజే చెప్పు. ఆవిడ ఇంటికి వెళ్ళు. గుడ్లు తీసుకెళ్ళు, ఒక్కోటీ ఊపి చూసి తీసుకెళ్ళు.

పిన్ని


నీ ఇల్లు, ముందు గది

పిన్నీ,

నాకు తెలుసు.

నువ్వడగక ముందే తెలుసు. ఓ రోజు డ్రైవర్ గారి పక్కనే నిలబడ్డా. ఆయన సబ్బులన్నీ పెట్టి, అరచెయ్యి సంచి మీద వేసి నొక్కాడు. ఆ చెయ్యి చూడగానే నువ్వే కనపడ్డావు. అక్కడే లైటు వెలిగింది. నువ్వు ఉత్తరంలో అడిగితే గమనించలేదని రాశా. నీకు తెలిస్తే చెప్పెయ్యమంటావని. నువ్వేమో తెలిసి నన్ను వదిలెయ్యమన్నావు. ఇద్దరం భలే జత.

నేను చెప్పను. నువ్వు ఎంతన్నా చెప్పు, చెప్పను. చెప్తే తూకం సరిచేస్తారు. లైట్లు ఆగుతాయి. జనం బాగుందంటారు. నీ కౌంటర్ పీకేస్తారు. ఒక్క మాటకి నీ అన్నేళ్ళూ పోతాయి. ఆ మాట నా నోటితో అనిపించకు. కావాలంటే ఆ గేటు రూలు తీసెయ్యమని మేనేజర్‌తో పోట్లాడతా. గుడ్లు మాత్రం ఇచ్చొస్తా.

మర్నాడు, అదే కాయితం మీద

వెళ్ళాను. టీచరమ్మ గారి గది మేడ మీద. మెట్ల నిండా పూలకుండీలు. తలుపు తీసి చూశారు.

"ఎర్ర లైటు అబ్బాయివి కదూ?"

"అవునండీ. గుడ్లు తెచ్చానండీ. ఒక్కోటీ ఊపి చూశా."

ఆవిడ ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకున్నారు. "ఊపటం వచ్చా నీకు? ఏం వినపడింది?"

"ఏం వినపడలేదండీ."

"అయితే మంచివే." అట్ట లోపల పెట్టి వచ్చారు. "రోజూ అడుగుతావుగా మిషన్ ఎలా ఉందని. ఇవాళ అడగవా?"

అడిగా. "ఎలా ఉందండీ?"

"మిషన్ మిషన్‌లా ఉంది. దాని మీద నాకు కోపమెందుకు? బరువు తేడా వస్తే అరవమన్నారు, అరిచింది. నువ్వొచ్చి ఏం చూశావు? సంచి చూశావు. మీ పిన్నయితే ముందు నా మొహం చూసేది."

మెట్లు దిగుతుంటే కాళ్ళు బరువుగా ఉన్నాయి పిన్నీ. నా కాళ్ళు! ఇన్నాళ్ళూ నీ కౌంటర్ కాపాడుతున్నాననుకుని వాళ్ళందర్నీ ఆ లైటు కింద నిలబెట్టా. నీ జనాన్నే.

తిన్నగా స్టోర్‌కి వెళ్ళి మిషన్లబ్బాయిని పిలిపించా. చెప్పా. వాడు నమ్మలేదు. సంచి పెట్టి, వాడి చేత్తోనే నొక్కించా. వెలిగింది. పగలబడి నవ్వాడు. "ఇంతేనా? ఒక చేతి బరువు దాకా ఊరుకోమని పెడతా" అని ఏవో మీటలు నొక్కాడు. అంతే. ఇన్నాళ్ళ గొడవ టీ తాగేంతలో అయిపోయింది. గేటు రూలు కూడా తీసేశారు.

ఇప్పుడు ఎవర్ని అడిగినా "పర్లేదు", "బానే ఉంది". కుట్టుపని ఆవిడ "అలవాటైపోయింది" అంది. డ్రైవర్ గారు మాత్రం "నా జీతం సంగతి తేల్చండి" అంటున్నాడు. అన్నీ ఉన్నదున్నట్టే చెప్పా మేనేజర్‌కి. నెలాఖరుకి కౌంటర్ తీసేస్తున్నారు. మిషన్ల దగ్గర ఒక్క మనిషి చాలట.

నీ మాట విన్నాను. విన్నందుకు నన్ను మెచ్చుకోకు.

చక్రం


అమ్మాయి వాళ్ళిల్లు

నాన్నా చక్రం,

మెచ్చుకోను. టీచరమ్మ గారు నిన్ను లోపలికి రమ్మన్నారా లేదా, అది రాయలేదు.

చెయ్యి నయమైంది. పూరీపిండి అయినా కలపగలనని అమ్మాయికి చూపించా. నవ్వింది. నేనూ నవ్వా. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నా కాసేపు.

నా కుర్చీ పారేస్తారేమో, బాబాయ్‌ని గేటు దగ్గర వేసుకోమను. ఆయనకి మోకాళ్ళ నొప్పులు.

నీ ఉద్యోగమైనా మిగిలింది. ఈసారన్నా నిలబడరా. నా చోటు ఎలాగూ పోయింది, నీ చోటు ఉంచుకో. ఇంకేం అడగను నిన్ను.

పిన్ని


లారీ ముందు సీటు, పెట్రోల్ బంకు దగ్గర ఆగినప్పుడు

పిన్నీ,

తిట్టు. ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు.

మానేశా. కాళ్ళు ఊరుకోలేదు. లారీ గతుకుల్లో పోతుంటే అక్షరాలు నీ మొదటి ఉత్తరంలా ఉన్నాయి, అందుకే బంకు దగ్గర రాస్తున్నా. డ్రైవరన్న పాటలు పాడతాడు, ఒక్కటీ పూర్తిగా రాదు. కిటికీలోంచి చూస్తే దారి మారుతూనే ఉంటుంది. నాకు ఇదే బాగుంది.

ఇంటి తాళం బాబాయ్ దగ్గర ఉంది. నువ్వొక్కసారి వచ్చి మేనేజర్‌ని కలువు. నా తరఫున సారీ చెప్పడానికే అనుకో.

ఉత్తరం లారీ ఆఫీసుకి రాస్తే అందుతుంది.

చక్రం


స్టోర్ వెనక, అట్టపెట్టెల గది నుంచి

ఒరేయ్ చక్రం,

ఈ గదిలో ఇంత ఉక్క అని నువ్వెప్పుడూ రాయలేదేం? అట్టపెట్టె మీద కాయితం పెట్టుకుని రాస్తున్నా. నువ్వూ ఇలాగే రాసి ఉంటావు.

లారీ నుంచి నీ ఉత్తరం రాగానే నిన్ను తిట్టని తిట్టు లేదు. అమ్మాయి చెవులు మూసుకుంది. నా మాట మట్టిలో కలిపావని, మొహం ఎలా చూపించనా అని, బస్సులో వస్తున్నంతసేపూ కుమిలిపోయా. మేనేజర్ గది ముందు మళ్ళీ చేతులు కట్టుకుని నిలబడ్డా.

"మావాడి తరఫున క్షమించమని అడగడానికి వచ్చానండీ."

ఆయన విచిత్రంగా చూశాడు. "క్షమించడమేంటి? మీవాడు ఏం చెప్పి వెళ్ళాడో మీకు తెలియదా?"

తెలియదన్నాను. అప్పుడు చెప్పాడు. "లైటు వెలిగితే నేను సంచి చూస్తాను సార్, మా పిన్ని మొహం చూస్తుంది. ఒక్క మనిషే చాలంటే ఆ మనిషి మా పిన్నే. బరువెత్తే పని లేదు కాబట్టి ఆవిడ చేతికీ ఇబ్బంది లేదు" అన్నావట. ఆలోచించి చెప్తానంటే, "ఇప్పుడే చెప్పండి సార్, బయట లారీ ఆగి ఉంది" అన్నావట. చివరికి సరే అన్నానని ఆయన నవ్వుతూనే చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

నాకు తెలిస్తే ఒప్పుకోనని చెప్పలేదు నువ్వు. నిజమే, ఒప్పుకునేదాన్ని కాదు. నీ కాళ్ళు ఊరుకోలేదన్నది కూడా నిజమే అయి ఉంటుంది. ఎంత నిజమో, ఎంత కాదో నిన్ను అడగను. లారీలో సీటు మెత్తగా ఉందా, వేళకి తింటున్నావా, అది మాత్రం రాయి.

వారం నుంచీ నీ చోట్లో నిలబడుతున్నా. అమ్మో, కాళ్ళు! నువ్వు రాస్తుంటే సోమరితనం అనుకున్నాను. నా కౌంటర్ ఉన్నచోట ఇప్పుడు ఉల్లిపాయల బుట్టలు పెట్టారు. నేల మాత్రం కౌంటర్ ఉన్నంతమేరా రంగు వేరుగా ఉంది. అటు చూడకూడదనుకుంటా. చూస్తా. చేతులకి పని లేదురా. నడుము మీద పెట్టుకుంటా, కట్టుకుంటా, కొంగు తిప్పుతుంటా. చెవుల్లో వైర్ల కుర్రాడు నన్ను చూసి ఒక వైరు తీశాడు. మాట్లాడలేదనుకో, తీశాడు. డ్రైవర్ గారు "మీరొచ్చారు, మరి నా జీతం?" అన్నాడు.

నిన్న టీచరమ్మ గారు వచ్చారు. గుడ్లు ఏరుకోవడానికి ఎప్పుడూ పట్టేంత సేపూ పట్టింది. స్కాన్ చేశారు. సంచిలో పెట్టారు. అరచెయ్యి వేసి నొక్కారు. మిషన్ ఏమీ అనలేదు. ఆవిడ చెయ్యి తీసి, మళ్ళీ వేసి, పైన ఉన్న లైటు వంక చూశారు.

"ఇదివరకు అరిచైనా చచ్చేది. ఇప్పుడు అదీ లేదు" అన్నారు.

నేను వెళ్ళాను. ముందు ఆవిడ మొహం చూశాను. ఆవిడా నా మొహం చూశారు. తర్వాత అడిగాను, "అడుగు నిలిచిందాండీ?" అని. ఆవిడ చెయ్యి ఇంకా సంచి మీదే ఉంది. పక్కన నా చెయ్యి కూడా వేసి నొక్కాను, ఆపరేషన్ అయిన చెయ్యే.

మీ మిషన్లబ్బాయి ఒక చేతి బరువు దాకానే ఊరుకోమన్నాడుగా. ఎర్రగా వెలిగింది. ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. మేనేజర్ గది తలుపు తెరుచుకుంది.

"దయచేసి సహాయకుడి కోసం ఆగండి" అంది లోపలావిడ.

"ఆగుదాం" అన్నారు టీచరమ్మ గారు, చెయ్యి తియ్యకుండానే.

పిన్ని